శృంగారము - అశ్లీలము: తరగతిలో తప్పించుకొన్న ఒక ప్రశ్న

కొన్ని సంవత్సరాల క్రిందట డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థులకు రసప్రకరణం బోధిస్తున్నాను. శృంగారానికి రసరాజమన్న పేరు ఎందుకు వచ్చినదో వివరించి, ప్రబంధాల నుండి ఉదాహరణలు చెప్పి, పాఠం ముగించబోతున్నాను. అంతలో వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థి లేచి, "సార్, కావ్యంలో ఉంటే శృంగారం అంటారు, సెల్‌ఫోనులో ఉంటే బూతు అంటారు. రెండింటికీ తేడా ఏమిటి?" అని అడిగాడు. తరగతి అంతా ఘొల్లుమన్నది. ఆడపిల్లలు తలలు వంచుకొన్నారు. "ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు, కూర్చో" అని నేను పుస్తకం మూసివేశాను.

అతడు పరిహాసానికి అడిగాడని ఆనాడు అనుకొన్నాను. పరీక్షలు ముగిసిన తరువాత ఒక సాయంకాలం అతడే స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రాత్రిళ్లు ఆ చిత్రాలు చూడకుండా ఉండలేకపోతున్నాననీ, రేపు పెండ్లి చేసుకొంటే ఆ అమ్మాయితో మనిషిలాగ ఉండగలనో లేదోనని భయం కలుగుతున్నదనీ, మాటలు కూడదీసుకొని చెప్పాడు. అతని అనుమతితోనే, ఎవరో గుర్తు తెలియని విధంగా ఈ సంగతి వ్రాస్తున్నాను. ఆనాడు అతడు అడిగినది ప్రశ్న. నేను ఇచ్చినది సమాధానం కాదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకొనే ప్రయత్నం.

పదాలు - వాటి అర్థాలు

ముందు మాటలను పరిశీలిద్దాము. అశ్లీలమంటే 'శ్రీ లేనిది' అని పెద్దలు చెబుతారు. మన ఆలంకారికులు దీనిని కావ్యదోషాలలో చేర్చారు. మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో అశ్లీలాన్ని వ్రీడ, జుగుప్స, అమంగళం అని మూడు విధాలుగా విభజించాడు. అనగా సిగ్గు కలిగించేది, ఏవగింపు పుట్టించేది, అశుభాన్ని స్ఫురింపజేసేది. శరీరవర్ణన ఉన్నంత మాత్రాన అది అశ్లీలమని అతడు అనలేదు.

ఉర్దూలో ఇందుకు రెండు వేరు వేరు మాటలు ఉన్నవి. 'ఉర్యానీ' అంటే నగ్నత్వం. 'ఫహాషీ' అంటే హద్దు మీరిన అసభ్యత. మొదటిది ఉన్న చోటనెల్లా రెండవది ఉండదని భాషయే మనకు చెబుతున్నది. 'హయా' అనే మరొక మాట మన ఇండ్లలో నిత్యం వినబడుతుంది. దానిని లజ్జ అని అనువదిస్తాము. జీవితమనే అర్థంగల 'హయాత్', ఈ 'హయా' రెండూ ఒకే ధాతువు నుండి పుట్టినవని అరబీ నిఘంటుకర్తలు చెబుతారు. ఎదుటి ప్రాణిని ప్రాణిగా గుర్తించడమే హయా అని నేను దీనికి అర్థం చెప్పుకొంటాను.

ఇంగ్లీషువారి 'పోర్నోగ్రఫీ' అనే పదానికి గ్రీకు మూలంలో 'వేశ్యలను గురించిన వ్రాత' అని అర్థం. వేశ్య అనే అర్థంగల ఆ గ్రీకు పదం 'అమ్ముట' అనే అర్థంగల క్రియకు సంబంధించినదని భాషావేత్తలు అంటారు. అనగా ఆ పదం పుట్టుకలోనే సిగ్గుకన్న ముందు అమ్మకం ఉన్నది. ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

నిషేధాలు చెప్పిన పాఠం

సిగ్గు కలిగించినదంతా చెడ్డదే అని తీర్పు చెప్పుట సులభం. అట్టి తీర్పులు ఎంత పొరపాటు చేయగలవో మన రెండు భాషల చరిత్రలూ చూపినవి.

పదునెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రచించింది. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఈ కావ్యాన్ని పరిష్కరించగా 1910లో వావిళ్లవారు ప్రకటించారు. అంతకు ముందే కందుకూరి వీరేశలింగం పంతులుగారు దీనిని తీవ్రంగా అధిక్షేపించి ఉన్నారు. 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ నిషేధాన్ని తొలగించింది. ఇంతకూ ఆ కావ్యవస్తువు ఏమిటి? కృష్ణుని వలన మనసు నొచ్చి అలిగిన రాధ. ఆమెను బుజ్జగించుటకు వచ్చిన కృష్ణుడు. పేరులోనే 'సాంత్వనం' ఉన్నది.

ఉర్దూలో ఇస్మత్ చుగ్తాయీ 1942లో ప్రకటించిన 'లిహాఫ్' కథపై లాహోరులో అభియోగం నడిచింది. ఆ కథలో 'ఆషిక్' అన్న మాటనే అశ్లీలమని ఒక సాక్షి చూపించాడని ఆమె తన జ్ఞాపకాలలో వ్రాసుకొన్నారు. కావ్యభాషలో నిత్యం వినబడే ఆ మాటకు ఎవరు శిక్ష వేయగలరు? ఆమె నిర్దోషిగా బయటపడ్డారు. సాదత్ హసన్ మంటో ఆరుసార్లు ఇట్టి అభియోగాలు ఎదుర్కొన్నారు. దేశవిభజనకు ముందు మూడు, తరువాత పాకిస్తానులో మూడు. వాటిలో ఒకటి 'ఠండా గోష్త్' కథను గురించినది. విభజన అల్లర్లలో తాను ఎత్తుకొని పోయిన బాలిక అప్పటికే మరణించినదని తెలిసి, ఆ దెబ్బతో పురుషత్వమే కోల్పోయిన ఒక హంతకుని కథ అది. ఎంతటి క్రూరునిలోనైనా, ఎదుట ఉన్నది ప్రాణమున్న మనిషి కాదని తెలిసినప్పుడు ఏదో విరిగిపోతుందని ఆ కథ చెబుతున్నది.

ఈ మూడు రచనలలోనూ శరీరం ఉన్నది. దానితోబాటు ఎదుటి మనిషి మనసు కూడా ఉన్నది. నిషేధించినవారు మొదటిదాన్ని చూచారు, రెండవదాన్ని చూడలేదు.

సమాధానం పాఠ్యగ్రంథంలోనే ఉన్నది

మరి భేదాన్ని తెలుసుకొనుటకు కొలబద్ద ఏది? వెదకగా అది నేను ఏటేటా బోధించే ప్రకరణంలోనే కనబడింది. శృంగారానికి స్థాయిభావం రతి. ఆ రతి నాయికానాయకులు ఇద్దరిలోనూ ఉండవలెను. ఒక్కరిలోనే ఉంటే అది రసం కాదు, రసాభాసం. విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో ఈ మాట స్పష్టంగా చెప్పాడు. రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడు 'రసార్ణవసుధాకరం'లో శృంగారాభాస భేదాలను చెబుతూ ఒక్కరికే పరిమితమైన రాగాన్ని మొదట పేర్కొన్నాడు. మన తెలంగాణ నేలమీద కూర్చుండి ఆరువందల యేండ్లకు పూర్వం ఒక రాజు వ్రాసిన మాట ఇది.

ఆభాసమంటే ఉన్నట్లు కనబడుతూ లేనిది. ముత్యపుచిప్పలో వెండి కనబడినట్లు. అశ్లీలచిత్రంలో ప్రేమకు సంబంధించిన చేష్టలన్నీ కనబడతవి, ప్రేమ ఉండదు. అలక లేదు, విరహం లేదు, అనునయం లేదు. ఎదుటివారు 'వద్దు' అనే అవకాశమే లేదు. చూచేవాడు ఒక్కడు, తెరమీద ఉన్నది అతనికి ఒక వస్తువు. శృంగారంలో ఇద్దరు మనుషులు ఉంటారు, అశ్లీలంలో ఒక్కడే ఉంటాడు. నా విద్యార్థికి నేను చెప్పవలసిన సమాధానం ఇదే.

తెరమీది మనిషి

ఇక హాని సంగతి. హాని అనగానే మనం చూచేవాని గురించియే ఆలోచిస్తాము. చట్టం కూడా చాలా కాలం అట్లాగే ఆలోచించినది. 1868లో ఇంగ్లండులో హిక్లిన్ వ్యాజ్యంలో ఏర్పడిన సూత్రం ప్రకారం, చదివేవారి మనస్సును చెడగొట్టే స్వభావం ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. 1964లో బొంబాయి పుస్తక వ్యాపారి రంజిత్ ఉదేషీ వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు ఆ సూత్రాన్నే అనుసరించి, 'లేడీ చాటర్లీస్ లవర్' నవల అమ్మినందుకు పడిన శిక్షను సమర్థించింది. 2014లో అవీక్ సర్కార్ వ్యాజ్యంలో ఆ సూత్రాన్ని విడిచి, నేటి సమాజ ప్రమాణాలను బట్టి చూడవలెనని చెప్పింది. అయితే కాగితంమీది కల్పిత పాత్రకు దెబ్బ తగలదు. కెమెరా ముందు నిలిచినది నిజమైన మనిషి. ఆ మనిషికి ఏమి జరిగినదని అడుగుట అవసరం.

అమెరికాలోని శాన్ డియేగోలో 22 మంది యువతులు ఒక చిత్రనిర్మాణ సంస్థపై దావా వేశారు. ఆ చిత్రాలు ఇంటర్నెట్‌లో పెట్టబోమని చెప్పి తమను మోసగించారనీ, తరువాత అవి అందరి కంటా పడి తమ చదువులు, బంధుత్వాలు ఛిన్నాభిన్నమైనవనీ వారు మొరపెట్టుకొన్నారు. 2020 జనవరిలో న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పి, సుమారు ఒక కోటి ముప్పది లక్షల డాలర్లు చెల్లించవలెనని ఆదేశించింది. ఆ చిత్రాలు చూచినవారికి ఈ సంగతి తెలియదు. సమ్మతి ఉన్నదో లేదో చిత్రం చూచి చెప్పలేమని దీనివలన తేలుతున్నది.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఉన్నది. 2023 నవంబరులో తెలుగు చిత్రాలలో ప్రసిద్ధురాలైన ఒక నటి ముఖాన్ని కృత్రిమ మేధతో మరొక స్త్రీ శరీరానికి అతికించిన దృశ్యం దేశమంతటా వ్యాపించింది. అది అశ్లీలచిత్రం కాదు గాని, అదే విద్యతో ఎవరి ముఖాన్నైనా ఎంతకైనా దిగజార్చవచ్చునని అందరికీ తెలిసివచ్చినది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఈ విషయంలో గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుని అరెస్టు చేశారు. అతడు ఆ నటి పేరిట అభిమానుల పేజీ నడిపేవాడనీ, దానికి అనుచరులను పెంచుకొనుటకే ఈ పని చేశాడనీ పోలీసులు చెప్పారు. అభిమానమనే మాటకు పట్టిన గతి ఇది! ఎదుటి మనిషిని వస్తువుగా చూచుటకు అలవాటు పడిన కంటికి, తాను చేసేది అవమానమని కూడా తోచదు.

పిల్లల విషయంలో మన సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. పిల్లలకు సంబంధించిన అట్టి చిత్రాలను చూచుట, దాచుకొనుట కూడా నేరమే కాగలదని చెబుతూ, 'చైల్డ్ పోర్నోగ్రఫీ' అన్న మాటనే న్యాయస్థానాలు వాడరాదని అన్నది. అది వినోదానికి పేరు వంటిదే గాని, జరిగినది అత్యాచారమని ఆ పేరు చెప్పదు. దాని బదులు పిల్లలపై జరిగిన దోపిడిని, అత్యాచారాన్ని తెలిపే పదం వాడవలెనని సూచించింది. నూటయాభై యేండ్లకు పైగా చూచేవాని వైపు తిరిగి ఉన్న న్యాయదృష్టి ఇప్పుడు తెరమీది ప్రాణి వైపు తిరుగుతున్నది.

చూచేవారిపై ప్రభావం: పరిశోధనలు

చూచేవానికి జరిగే హానిని గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఉన్నట్లు చెప్పుట విద్యార్థులను మోసగించుట అవుతుంది. 1970లో అమెరికా అధ్యక్షుడు నియమించిన సంఘం, ఇట్టి చిత్రాలవలన నేరాలు పెరుగుతున్నవని చెప్పుటకు ఆధారం లేదని నివేదించింది. 1986లో అక్కడి మరొక సంఘం, ముఖ్యంగా హింసతో కూడిన చిత్రాల విషయంలో, అందుకు విరుద్ధమైన నిర్ణయానికి వచ్చింది. ఈ రెండింటి నడుమ కాలంలో నీల్ మాలమత్, ఎడ్వర్డ్ డోనర్‌స్టీన్ మొదలైన మనస్తత్వవేత్తలు ప్రయోగాలు జరిపారు. స్త్రీపై హింసను సుఖంగా చూపించే చిత్రాలు చూచిన పురుషులలో అట్టి హింసను ఆమోదించే ధోరణి పెరిగినట్లు వారు కనుగొన్నారు. అయితే ప్రయోగశాలలో కనబడినదంతా బయటి నేరాలకు కారణమవుతుందా అన్న వివాదం నేటికీ తెగలేదు.

దాంపత్యం విషయంలో 2017లో పాల్ రైట్, అతని సహచరులు పది దేశాలలో యాభై వేలమందికి పైగా జనంపై జరిగిన 50 పరిశోధనలను కలిపి చూచారు. ఎక్కువగా చూచే పురుషులలో తమ అనుబంధం పట్ల తృప్తి కొంత తక్కువగా ఉన్నట్లు తేలినది. స్త్రీలలో అట్టి సంబంధం కనబడలేదు. 2018లో శామ్యూల్ పెర్రీ, సైరస్ ష్లైఫర్ అమెరికాలో ఒకే వ్యక్తులను కొన్నేండ్ల వ్యవధితో మళ్లీ మళ్లీ ప్రశ్నించిన వివరాలను పరిశీలించారు. వివాహితులలో కొత్తగా ఈ అలవాటులో పడినవారు విడాకులు పొందే సంభావ్యత సుమారు 6 శాతం నుండి 11 శాతానికి పెరిగినట్లు కనబడినది. అలవాటు వలన కాపురం చెడినదా, కాపురం చెడినందువలన అలవాటు వచ్చినదా? అంకెలు ఈ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పలేవు. రెండు విషయాలు కలిసి నడచినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని అనరాదు.

వ్యసనమన్న మాటను గురించి కూడా జాగ్రత్త అవసరం. 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించి 2022లో అమలులోనికి వచ్చిన రోగాల వర్గీకరణలో, లైంగిక ప్రవృత్తిని అదుపులో ఉంచుకొనలేని స్థితిని ఒక మానసిక రుగ్మతగా చేర్చారు. ఎన్నిమార్లు ప్రయత్నించినా మానలేక, చదువు, ఆరోగ్యం, బాధ్యతలు దెబ్బతిన్నప్పుడే ఆ పేరు వర్తిస్తుంది. కేవలం తప్పు చేశానన్న నైతిక వేదన ఒక్కటే ఉంటే దానిని రుగ్మత అనరాదని కూడా అందులోనే చెప్పారు. కనుక ఒకటి రెండుసార్లు చూచి, తాను రోగినని, పతితుడనని కుమిలిపోయే విద్యార్థి తనను తాను హింసించుకోనక్కరలేదు. పశ్చాత్తాపం వేరు, రోగం వేరు.

కాపురంలో కలిగే నష్టం

అంకెలకు అందని నష్టం ఒకటి ఉన్నది. కొత్తగా కాపురానికి వెళ్లిన ఒక పూర్వ విద్యార్థిని తన గురువు భార్య గనుక నా భార్యతో ఒకనాడు మనసు విప్పి మాట్లాడింది. తన భర్త కొట్టడు, తిట్టడు. కాని తనను చూస్తూ మరెవరినో చూస్తున్నట్లు ఉంటాడని ఆమె అన్నదట. ఈ మాటను ఏ సర్వేలో చేర్చగలము?

తెరమీది మనిషికి అలసట లేదు, జ్వరం రాదు, పుట్టింటి బెంగ ఉండదు. ఆమె ఏనాడూ అలగదు. ఆమెను ఎవరూ ఓదార్చనక్కరలేదు. నిజమైన దాంపత్యమంతా ఈ ఓదార్పులలోనే పెరుగుతుంది. ఓదార్చుట నేర్చుకోని యువకుడు భార్య అలకను తన హక్కుకు భంగమని తలుస్తాడు. అతనికి రహస్యం ఎక్కువవుతుంది, మాట తక్కువవుతుంది. ఆమె తనలో ఏదో లోపమున్నదని తనను తాను నిందించుకొంటుంది. ఆమెలో లోపమేమీ లేదు.

ఈ దారిలో పడే వయస్సు కూడా ఆలోచించదగినది. ఇంగ్లండు బాలల కమిషనర్ 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారం అక్కడి పిల్లలు ఇట్టి చిత్రాలను మొదట చూచే వయస్సు సగటున 13 సంవత్సరాలు. మన ఊళ్లలోనూ పిల్లల చేతిలో సెల్‌ఫోను ఉన్నది, గదికి తలుపు ఉన్నది. వారికి శరీరధర్మాలు చెప్పే పెద్దలు లేరు. 2007లో పాఠశాలల్లో కౌమారవిద్యను ప్రవేశపెట్టబోగా పలు రాష్ట్రాలు దానిని నిలిపివేసినవి. మనం చెప్పనిదాన్ని తెర చెబుతున్నది. గురువు తప్పించుకొన్న చోట ఆ పీఠం మీద ఎవరు కూర్చుంటారో చెప్పనక్కరలేదు.

చేయదగినది

నిషేధంతో సమస్య తీరుతుందా? 2015లో కేంద్రప్రభుత్వం 857 వెబ్‌సైటులను మూయించమని ఆదేశించి, కొద్ది రోజులకే ఆ ఆదేశాన్ని సడలించింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు తరువాత మళ్లీ అనేకం మూయించారు. ఒక తలుపు మూస్తే మరొకటి తెరుచుకొంటున్నది. పిల్లలను, సమ్మతి లేనివారిని కాపాడుటకు చట్టం తప్పక అవసరం. చూచే మనసుకు మాత్రం చట్టంతోబాటు సంస్కారం కూడా కావలెను.

కళాశాల పెద్దలకు ఒక విన్నపం. ఏటా ఒకసారి అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరువేరుగానైనా, వైద్యునితో, మానసిక నిపుణునితో మాట్లాడే అవకాశం కల్పించండి. ప్రశ్నలను పేర్లు లేని చీటీలపై తీసుకొనండి. ఈ విషయం మాట్లాడితే మర్యాద పోతుందని భయపడరాదు. మాట్లాడనందువలన పోయినదే ఎక్కువ.

విద్యార్థులారా! మీలో ఎవరైనా మానలేక బాధపడుతుంటే, ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఫోను చేయవచ్చును. ఎవరి చిత్రమైనా వారి అనుమతి లేకుండా మీకు చేరితే దానిని మరొకరికి పంపకండి. పంపినవాడు కూడా ఆ అవమానంలో భాగస్వామియే. మీ చిత్రాన్నే ఎవరైనా దుర్వినియోగం చేసి బెదిరిస్తే, తప్పు మీది కాదు. భయపడి డబ్బు ఇవ్వకండి. ఇంట్లో నమ్మకమైనవారికి చెప్పి పోలీసులకు ఫిర్యాదు చేయండి.

ఆ సాయంకాలం స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడిన పిల్లవాడిని లోపలికి పిలిచి కుర్చీ చూపించాను. చాలాసేపు మాట్లాడుకొన్నాము. పెండ్లి గురించి తనకున్న భయం సంగతి అడిగాడు. ఎదుటి మనిషి మనసు నొప్పిస్తానేమోనని భయపడేవాడు మనిషి కాకుండా పోలేదని చెప్పాను. ఇప్పుడు ఆ రసప్రకరణం బోధించేటప్పుడు రసాభాసాన్ని రెండు వాక్యాలతో దాటవేయుట మానుకొన్నాను. వెనుక బెంచీ నుండి ఎవరైనా లేస్తే పుస్తకం మూయను.